నీళ్ళలో మునిగిపోయే చేప

పొద్దున్నే గ్వారానా గింజల ముద్ద ఎండబెట్టిన కడ్డీని పిరరూకు నాలుక మీద అరగదీసి, ఆ పొడి నీళ్ళలో కలిపి తాగితేగాని మా ఇంట్లో ఎవరికీ కళ్ళు తెరుచుకోవు. పిరరూకు మా నదిలో అన్నిటికన్నా పెద్ద చేప. దాని నాలుక గరుకు ఎముక. పెళ్ళప్పుడు అమ్మ నాకిచ్చిన నాలుక అరిగి అరిగి నున్నగా అయిపోయింది. కొత్తది తెమ్మని అడిగినప్పుడల్లా మా ఆయన జొవెన్సియోది ఒకటే మాట.

"నీ నోట్లో ఒకటుందిగా. దాంతో గీకవే, పని తొందరగా అవుద్ది."

తేడానికి చేపలేవి? మా ఆయనలాంటి బల్లెం వీరులే మా ఊరి సరస్సును ఊడ్చిపెట్టారు. నేను ఊరందరితో తగువేసుకుని అక్కడ వేట మాన్పించాను. అప్పటినుంచి ఊరంతా ముళ్ళ చేపలు తింటూ నన్ను తిడుతోంది. ఈ ఏడు కూడా పిరరూకు పిల్లలు కనబడకపోతే సరస్సును, పట్నానికి చేపలు ఎత్తుకుపోయే ఐసు పడవలవాళ్ళకి ఇచ్చేద్దామని తీర్మానం చేశారు. వాళ్ళు దిగితే పొలుసు కూడా మిగలదు.

నదిలో నీళ్ళు తీస్తున్న రోజుల్లో మా అల్లుడు వాండర్‌క్లే రొప్పుతూ వచ్చాడు. "అత్తా! సరస్సు పక్క గుంటలో పేద్ద చేప ఇరుక్కుంది. తలంతా నలుపు. చుట్టూ ఎన్ని పిల్లలో!"

నల్ల తలంటే తండ్రి. పిరరూకుల్లో పిల్లల్ని సాకేది మగదే. ఆ తల పోయిందంటే పిల్లలన్నీ ఎవరి నోట్లోకో పోయినట్టే. ఈ ఎండకు గుంటలో నీళ్ళు కుతకుతలాడుతూ ఉంటాయి.

"ఇంకేం బతుకుద్దిలే," అని మా ఆయన బల్లెం అందుకున్నాడు. "ఉప్పేసి ఎండబెడితే ఊరంతటికీ కూర. నీకు కొత్త నాలుక."

"అది అక్కడ పెట్టకపోతే నా చేతి కూడు నీకు ఇవాళ్టితో సరి," అన్నాను. నేనెప్పుడు సరదాకి అంటానో ఎప్పుడు నిజంగా అంటానో ఆయనకు బాగా తెలుసు. బల్లెం చూరులో దోపాడు. పుట్టబోయే మనవడికని నేను కుట్టిన దోమతెర, ఒక వల పడవలో వేసుకుని ముగ్గురం బయల్దేరాం.

చేప మా అల్లుడికన్నా పొడుగుంది. బురదలో పడుతూ లేస్తూ వలతో చుట్టాం. తల దగ్గర అల్లుణ్ణి నిలబెట్టి, మేమిద్దరం దోమతెర విప్పుతున్నాం. అల్లుడు సముద్రం ఒడ్డున పుట్టినవాడు. పాపం, ఎండకి చచ్చిపోతుందేమోనని చేప తలను నీళ్ళలోకి అదిమిపట్టాడు. నేను తిరిగి చూసేసరికి దాని తోక సడలిపోయింది.

"ఓరి నీ సముద్రం తగలెయ్య! ముంచుతావేంట్రా? ఊపిరాడక చస్తోంది!"

"చేప కదత్తా!"

"పిరరూకురా! నీలాగా నాలాగా గాలి పీల్చాలి. నిన్ను ముంచి చూపించనా?"

మా ఆయన ఒక్క దూకు దూకి, బురదలో చతికిలబడి, ఆ తలను ఒళ్ళో పెట్టుకున్నాడు. మూతి నీళ్ళ పైకెత్తాడు. చలనం లేదు. ఎన్ని పిరరూకుల నెత్తిన దుడ్డుకర్రతో కొట్టాడో లెక్కలేని ఆ చెయ్యి నల్లటి తలను నిమురుతోంది.

"పీల్చరా నాయనా. పీల్చు."

కూతురికి జ్వరమొచ్చినప్పుడు కూడా ఆయన గొంతు అలా వినలేదు. నాకు ఏడుపొచ్చేసింది. అప్పుడు నోరు తెరుచుకుంది. భుస్సుమని గాలి లోపలికి పోయింది.

పిల్లలేమో బురదనీళ్ళలో మాయమైపోయాయి. అల్లుడు దేవులాడబోతే మా ఆయన కసిరాడు. "కదలకు. ఆళ్ళకీ ఊపిరి కావాలి. అయ్య తల దగ్గరికే వస్తారు."

వచ్చాయి. జానెడేసి పిల్లలు, ఆయన ఒళ్ళోనే, ఆ తల చుట్టూ తేలాయి. కింద దోమతెర జరిపి, ఎత్తి, నీళ్ళు పోసిన పడవలో వదిలాం. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ ఎత్తాం. పొద్దు వాలేదాకా ఆయన ఆ బురదలోంచి లేవలేదు.

వెక్కిరించడానికి వచ్చిన ఇరుగుపొరుగువాళ్ళే చివరికి పడవలు లాగారు. తండ్రికి తడిగుడ్డ కప్పి, మూతి మాత్రం వదిలి, సరస్సులో దించాం. మునిగిపోయింది. వెనకే పిల్లల్నీ వదిలాం. అవీ మునిగాయి. నీళ్ళు సద్దుమణిగాయి.

"చచ్చుంటుంది. హాయిగా వండుకునేవాళ్ళం," అన్నారెవరో.

దూరంగా, గడ్డి అంచున, భుస్సుమంది. దాని చుట్టూ ఎసరు మరిగినట్టు చిన్న చిన్న బుడగలు.

ఊరంతా గొల్లున నవ్వింది. చూస్తే, చేప గాలికి పైకి రాగానే విసిరే అలవాటుకొద్దీ మా ఆయన కుడిచెయ్యి దానంతటదే భుజం పైకి లేచి, లేని బల్లెం పట్టుకుని ఉంది.

"ఏమయ్యా, ఏం విసురుదామని?" అన్నాను.

"చూశావటే, పిల్లలందర్నీ ఎంటబెట్టుకుపోయాడు," అన్నాడు. కళ్ళు నిండిపోయాయి. ఆ చెయ్యి పట్టుకుని నేనే కిందికి దించాను.

ఆ సాయంత్రం ఐసు పడవల మాట ఎవరూ ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే మా ఆయన నా చేతిలోంచి గ్వారానా కడ్డీ లాక్కుని, ఆ నున్నటి నాలుక మీద తనే అరగదీయడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. గ్లాసు నాకిస్తూ అన్నాడు, "ఇంకొన్నేళ్ళు ఇదే చాల్లేవే."