బావ బస్సు వీడియో

ల్యాప్‌టాప్ తెర మీద ‘ఇంకా నాలుగు గంటల పది నిమిషాలు’ అని పడింది. గోడ గడియారంలో పన్నెండున్నర. బావ మీద విచారణ చూస్తే మూడింటికి. ఈ లెక్కన చిట్టి కత్తిరించి కూర్చిన వీడియో రెండర్ అయి, ఒకే ఫైలుగా బయటికొచ్చేసరికి అక్కడ ఆఫీసుకు తాళం వేసి అందరూ ఇళ్లకు చేరతారు.

పక్కన కుర్చీ అంచున బావ. పద్దెనిమిదేళ్లుగా బస్సు నడుపుతున్న మనిషి. పది రోజుల కిందట ఓ స్కూటరు అడ్డొస్తే గట్టిగా బ్రేకు వేశాడు. లోపల నిలబడ్డ పెద్దావిడ పడిపోయి తుంటి ఎముక విరిగింది. డ్రైవరు ఫోను చూసుకుంటున్నాడని ఎవరో ఫిర్యాదు రాసి పడేశారు. కాదని ఇవాళ రుజువు చేసుకోకపోతే ఉద్యోగమూ పోతుంది, లైసెన్సూ పోతుంది. బావకు మాత్రం భలే ధీమా. బస్సు అద్దానికి తనే కొని పెట్టుకున్న కెమెరా ఉందిగా, ఒక లెన్సు రోడ్డు వైపు, ఇంకోటి తన వైపు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, ప్రమాదానికి అరగంట ముందు నుంచీ చూపిస్తానని అధికారికి మాటిచ్చి వచ్చాడు. ఇవ్వడానికేం, ఎన్ని మాటలైనా ఇస్తాడు. పని పడింది మాత్రం మరదలు చిట్టి నెత్తిన. ట్యూషన్ సెంటరుకు పాఠాల వీడియోలు చేసే పిల్లకు ఇదెంత అనుకున్నారు ఇంటిల్లిపాదీ.

అక్క అవతల గదిలో అదే చొక్కాను మూడోసారి ఇస్త్రీ చేస్తోంది. చిట్టి కాలుగాలిన పిల్లిలా రెండు సార్లు గదంతా తిరిగి, సెంటరులో కెమెరా చూసుకునే ఆయనకు ఫోను చేసింది. అంతా విని ఆయన ఒకటే అడిగాడు: నీ ల్యాప్‌టాప్‌లో బొమ్మల పని చకచకా చేసే గ్రాఫిక్స్ కార్డు ఉంది కదా, రెండర్ దానికి అప్పజెప్పావా లేదా అని. సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే ఏముంది, బరువు మొత్తం ప్రాసెసర్ నెత్తినే ఉంది. కొన్న రెండేళ్లనుంచీ అంతే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇన్నాళ్లూ రెండర్ పెట్టి నిద్రపోయి పొద్దున లేచి చూసుకునేది వెర్రిమొహం.

ఛార్జరు పెట్టే ఉంచు, ఉత్త బ్యాటరీ మీద కార్డు సగం పని కూడా చెయ్యదు, నడుస్తున్నది ఆపేసి మళ్లీ మొదలుపెట్టు అన్నాడాయన. ఆపడమంటే ఆరు శాతం అయింది కాస్తా గంగలో కలిసినట్టే. చిట్టి కళ్లు మూసుకుని ఆపేసింది. కార్డును ఎంచి మళ్లీ నొక్కింది.

‘ఇరవై మూడు నిమిషాలు.’

ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం కుదురుగా ఉంటే కదా. ఫ్యాను రొద పెట్టింది, ల్యాప్‌టాప్ అడుగు పెనంలా కాలింది, మధ్యలో ఆగిపోతుందేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఆగలేదు. ఒంటిగంటకల్లా పూర్తయింది. రెండింటికి బయల్దేరినా చాలు. ఇంత తీరిక ఎప్పుడూ దొరకదు కాబట్టి, ఒకసారి చూసుకుందామని వీడియో పెట్టింది.

అంతవరకూ తను చూసింది అసలు బొమ్మను కాదు. అంత పెద్ద ఫైళ్లను ఆ ల్యాప్‌టాప్ మొయ్యలేదని చిన్న చిన్న మసక నకళ్లు చేసుకుని, కత్తిరింపులన్నీ వాటి మీదే చేస్తుంది. రెండర్ అయ్యాకే అసలు స్పష్టత వస్తుంది. నకలులో బావ రెండు చేతులూ స్టీరింగు మీద కనబడ్డాయి, ముఖం రోడ్డు వైపుంది. ఫోను లేదని అందరూ బాగా చూడాలని బ్రేకుకు కాస్త ముందున్న ఆ చోటును తనే నాలుగింతలు నెమ్మది చేసింది.

ఇప్పుడు ఆ చోటు వచ్చింది. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. కళ్లు మూసి ఉన్నాయి. స్కూటరు అల్లంత దూరాన్నుంచి నింపాదిగా వస్తోంది, బావ రెప్పలు విడలేదు. రెండు సెకన్ల నిద్ర, చిట్టి నెమ్మది చేసిన పుణ్యాన ఎనిమిది సెకన్లు.

దాచడానికి మనసొప్పక బావను దగ్గరికి పిలిచి చూపించింది. ఆయన మళ్లీ వెయ్యమన్నాడు. మూడోసారి కూడా చూశాడు.

అక్కకు వినబడకుండా చిట్టి గొంతు తగ్గించింది. "మసగ్గా ఉండేలా మళ్లీ తీస్తాను బావా. ఇరవై నిమిషాల పని. వాళ్లడిగింది ఫోను గురించే కదా, చేతులు కనబడితే చాలు."

"నిద్రపోలేదని పిల్లల మీద ఒట్టేసి చెప్పేవాణ్ణి చిట్టీ. ఇప్పటికీ నాకు నిద్రపోయినట్టే లేదు," అన్నాడు బావ. తర్వాత, "ఇదే పెన్‌డ్రైవులో వేసివ్వు. కెమెరాలోంచి తీసిన అంతకుముందు రోజుల వీడియోలు కూడా ఉన్నాయిగా నీ దగ్గర, నేనొచ్చేలోగా చూసి పెట్టు. ఇదే మొదటిసారో కాదో నాకు తెలియాలి," అన్నాడు.

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు. అంతా బాగానే జరుగుతుందని అక్క గుమ్మందాకా వెళ్లి ధైర్యం చెప్పింది. ఆయన తలూపాడు.

చిట్టి ప్రమాదానికి ముందురోజు పొద్దుటి ఫైలు తెరిచింది, ఈసారి నకలు కాదు, అసలుదే. పదకొండో నిమిషంలో బావ రెప్పలు వాలాయి. ఒకటి, రెండు, మూడు సెకన్లు. వెనక మొదటి సీట్లో ఎవరో అమ్మాయి ఫోను చూసుకుంటూ నవ్వుకుంటోంది. ఎవరో కాదు, ఆ పొద్దున బావ బస్సెక్కి సెంటరుకు పోతున్న చిట్టే.