దిబ్బ అవతల పడిన వాన

ఆ ఏడు ఆషాఢంలో మబ్బులు రోజూ వచ్చాయి. వచ్చి, ఎడారిలో పొలాల మధ్య మా ధాణీ అనే ఈ నాలుగు గుడిసెల మీద కాసేపు నిలబడి, ఉరిమి, ఇంత దుమ్ము మా మొహాన కొట్టి వెళ్ళిపోయేవి. అసలు రాకపోతే ఎవరి పనిలో వాళ్ళుండేవాళ్ళం. రోజూ ఆశపెట్టి పోతుంటే మనిషి కుదురుగా ఎలా కూర్చుంటాడు?

అందరికంటే పూనమారామ్‌కి అది మరీ ఎక్కువైంది. తెల్లవారకముందే ఇసుకదిబ్బ ఎక్కి పడమర చూసేవాడు. దిగొచ్చి నాగలి కర్రు తట్టేవాడు. విత్తనం సజ్జల మూట విప్పి, చేత్తో కలిపి, మళ్ళీ కట్టేవాడు. మధ్యాహ్నం వడగాలికి మేకలు కూడా గోడ నీడకి అతుక్కుపోయేవి. ఇతను మాత్రం లోపలి నుంచి వాకిట్లోకి, వాకిట్లోంచి లోపలికి.

"కాలు కాలిన పిల్లిలా ఏమిట్రా ఆ తిరగడం?" అనేది తల్లి ధాపూ. "నువ్వు తిరిగితే మబ్బు దిగొస్తుందా?"

ధాపూ నడుముకి టాంకా తాళంచెవి వేలాడుతుండేది. టాంకా అంటే వాకిలి పక్కన నేలలో తవ్వి గచ్చు చేసిన నీళ్ళ గొయ్యి. నిరుడు కురిసిన వానే ఏడాదంతా అందులోంచి తాగాలి. పొద్దున ఒక కడవ, సాయంత్రం ఒక కడవ. అంతకుమించి ముసలామె చుక్క వదిలేది కాదు.

"అత్తా, ఇంకో చెంబు ఇస్తే పిల్లదానికి తలంటుతాను," అని కోడలు గవరీ అడిగితే, "తల ఎక్కడికీ పోదు, నీళ్ళు పోతాయి," అనేది.

ఒకరోజు పొద్దున దిబ్బ మీద నుంచి పూనమా పరుగున దిగొచ్చాడు. దిబ్బ అవతల సుమార్ ఖాన్ వాళ్ళ ధాణీలో వాన పడిందట. ఇసుక నల్లగా తడిసి కనబడిందట. సుమార్ అప్పుడే ఒంటెకి నాగలి కట్టాడట.

"అక్కడ పడింది! ఇంత దగ్గర! నా పొలానికేం రోగం?"

"రోగం నీకు. కూర్చుని అంబలి తాగు," అంది గవరీ.

అతను తాగలేదు. ఒంటెని లేపి నాగలి కట్టాడు. "పొడి నేలలోనే విత్తేస్తా. సాయంత్రానికి కురిసి తీరుతుంది."

"ఎండ చూశావా? పిట్ట కూడా ఎగరట్లేదు."

"పిట్టకి పొలం లేదు," అని మూట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఎండ దిగే వేళకి పడమటి ఆకాశం ఇటుకరాయి రంగుకి తిరిగింది. దుమ్ము గోడలా లేచి వస్తోంది. గవరీ మేకల్ని లోపలికి తోలుతుండగా ఒంటె ఒక్కటే ఇంటికొచ్చింది. మెడకి తెగిన మోకు.

గవరీ ఓణీ మొహానికి చుట్టుకుని, ఆ ఒంటె ముకుతాడు పట్టుకుని పొలం వైపు నడిచింది. కళ్ళు తెరిస్తే ఇసుక, నోరు తెరిస్తే ఇసుక. పిలిస్తే తన గొంతు తనకే వినబడలేదు. గట్టు మీద జమ్మిచెట్టు మొదట్లో పూనమా చొక్కా విప్పేసి కూర్చున్నాడు. నవ్వుతున్నాడు.

"వచ్చావా గవరీ? చూడు, ఎలా కొడుతోందో! తడిసి ముద్దయిపోయా."

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. రొట్టెలు కాల్చే పెనంలా ఉంది ఒళ్ళు. చెమట చుక్క లేదు.

"అవునయ్యా, బాగా కొడుతోంది," అంది. "ఇంటికి పద, జలుబు చేస్తుంది."

బుద్ధిమంతుడిలా లేచాడు. రెండడుగులు వేసి కూలిపోయాడు. ఒంటెని కూర్చోబెట్టి, అతన్ని దాని మీదికి ఎలా ఎక్కించిందో గవరీ ఇప్పటికీ చెప్పలేదు. తనకే తెలియదంటుంది.

"అత్తా, తాళంచెవి!" అని వాకిట్లోంచే అరిచింది.

ధాపూ అప్పటికే టాంకా దగ్గర కూర్చుని ఉంది. కంగారులో తాళం తెరుచుకోక, రాయి తీసుకుని రెండు దెబ్బలు వేసి ఊడగొట్టింది. గవరీ నీళ్ళు చేది తెస్తుంటే ముసలామె కొడుకు తల మీద, గుండెల మీద, చంకల్లో పోసింది. తన ముసుగు బట్టే తీసి తడిపి, అతని ఒంటి మీద కప్పి, చేటతో విసరమని మనవరాలిని కూర్చోబెట్టింది. కడవ తర్వాత కడవ. చివరికి చేదలో బురద వచ్చింది.

"అత్తా, అడుగు కనబడుతోంది."

"కనబడనీ. బురద చల్లగా ఉండదా? తే."

చీకటి పడుతుండగా పూనమా కళ్ళు తెరిచి, "ఎవరే నా మీద బురద పూసింది?" అన్నాడు. ధాపూ అప్పుడు ఏడ్చింది, పెద్దగా. ఆ గాలిదుమారం నాలుగు చినుకులు రాల్చి తప్పుకుంది.

మర్నాడు సంగతి తెలిసి సుమార్ ఖాన్ ఒంటె బండి మీద పీపాతో నీళ్ళు తెచ్చాడు. "మా టాంకా నిండింది పిన్నీ. మాకు తాళం వేసే అలవాటు లేదులే," అని నవ్వాడు.

"నీళ్ళుంటే ప్రతివాడూ దొరబాబే. మాటలాపి దింపు," అంది ధాపూ. తన వాటా అంబలి అతని చేత తాగించాకే వెళ్ళనిచ్చింది.

ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున మాకూ కురిసింది. ధాపూ తడుస్తూ టాంకా నోటికి గుడ్డ కుక్కి, మొదటి దుమ్ము నీళ్ళు బయటికి పొర్లిపోయాకే తీసింది. అయితే పొలం ఆగదు. రెండెండలు కాస్తే తడి ఆరిపోతుంది. పొడి నేలలో చల్లిన గింజల్ని గాలి ఎప్పుడో ఎత్తుకుపోయింది; మూటలో మిగిలినవే మళ్ళీ విత్తాలి. పూనమా లేచి నాగలి పట్టుకోబోయి అక్కడే కూలబడ్డాడు. గవరీ అతన్ని పక్కకి తప్పించి తను పట్టుకుంది.

"ఆడది నాగలి ముట్టడమేమిటే? జనం ఏమంటారు?" అంది ధాపూ.

"జనం వచ్చి దున్నుతారా అత్తా?"

ముసలామె ముందుకెళ్ళి ఒంటె ముకుతాడు తనే పట్టుకుంది.

జమ్మి కింద నులకమంచం మీద పూనమాకి ఒళ్ళు నిలవలేదు. లేస్తాడు, కూలబడతాడు, అరుస్తాడు. "చాలు వంకర పోతోందే!"

"వంకర చాల్లో మొలవనంటాయా?" అని గవరీ వెనక్కి తిరక్కుండానే నాగలికి కట్టిన జడ్డిగం గొట్టంలో గింజలు వదిలింది.

సజ్జలు ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా మొలిచాయి. పూనమా కర్ర పట్టుకుని గట్టంతా తిరిగి, మొలక లేని చోట్లన్నీ వేలెత్తి చూపించాడు. గవరీ వాటిలో మళ్ళీ గింజలు వేసింది.