మా ఆయన చావులు

మా ఆయన చావడంలో దిట్ట. ఎగతాళి కాదు, ఆయన ఉద్యోగమే అది. ఒక్కరే కూర్చుని ఆడుకునే యుద్ధం గేముల్లో, తుపాకీకి ఎదురొచ్చే ప్రతి శత్రువూ ఆయనే. ఒంటినిండా మెరిసే చిన్న చిన్న బంతులు అతికించిన బిగుతు సూటు వేసుకుని స్టూడియో హాల్లో పడి చస్తే, చుట్టూ ఉన్న కెమెరాలు ఆ కదలికని పట్టుకుంటాయి. కంప్యూటర్ దానికి వేరే మొహం తగిలిస్తుంది. మెట్ల మీంచి దొర్లి చచ్చారు, కిటికీలోంచి పడి చచ్చారు, కడుపులో కత్తి దిగి పేగులు పట్టుకుని చచ్చారు. ఇంటికొచ్చి నడుముకి కాపడం పెట్టించుకుంటూ "ఇవాళ తీరికలేకుండా పోయానే" అనేవారు.

నేను అదే హాల్లో, గాజు గదిలో కూర్చుని శబ్దాలు రికార్డు చేస్తాను. ఆయన్ని చంపేది మా తమ్ముడు. గేమ్ ఆడేవాడికి తెర మీద కనపడే రెండు చేతులూ వాడివే. బావని బతిమాలి ఈ పని ఇప్పించుకున్నాడు. వాడికి ఉబలాటం ఎక్కువ.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. "ఆపు", "వద్దు", "చచ్చాన్రా" అని ఎంత అరిచినా ఎవరూ ఆగరు, అవన్నీ డైలాగులే. నిజంగా ఆపాలంటే అరచేత్తో నేలని కొట్టాలి. ఆ చప్పుడు వినపడితే ఎంత మంచి టేకైనా వదిలేయాల్సిందే.

ఆ రోజు బంకరు ఘట్టం. తమ్ముడు వెనకనుంచి వచ్చి రైఫిల్ బెల్టుతో శత్రువు పీక బిగించాలి. గేమ్ ఆడేవాడు శత్రువు చచ్చేదాకా బటన్ నొక్కి ఉంచాలి, మధ్యలో వదిలితే కథ ముందుకి పోదు. మొదటి టేకులో బెల్టు చర్మాన్ని పట్టేసింది. మా ఆయన నేలని కొట్టారు, తమ్ముడు వదిలేశాడు.

దర్శకుడు ఎగిరి గంతేశాడు. ఏం చేసినా "బాగుంది, ఇంకోటి" అంటాడు గనుక అతనికి మేం ఇంకోటిగారని పేరు పెట్టాం.

"ఆ నేల కొట్టుకోవడం ఉంది చూశారూ, అద్భుతం! చచ్చేదాకా అలాగే కొట్టుకోండి. ఇంకోటి!"

"మరి నిజంగా ఆపాలంటే?" అని మైకులో అడిగాను.

"ఏదో ఒకటి అనుకుందాం లెండమ్మా, ముందు కానివ్వండి."

మా ఆయన నవ్వి, సరేనన్నట్టు చెయ్యి ఊపారు. ఎవరూ ఏదీ అనుకోలేదు. నాకు ఒళ్ళు మండింది గానీ రికార్డింగ్ బటన్ నొక్కాను.

బెల్టు బిగిసింది. మడమలు నేలని తన్నాయి, అరచెయ్యి టపటపా కొట్టుకుంది. ఇంకోటిగారు ఊపిరి బిగబట్టి మురిసిపోతున్నాడు. నా హెడ్‌ఫోన్స్‌లో మాత్రం ఏదో తేడాగా ఉంది. మా ఆయన నటించే చావులో గురక ఉంటుంది, మూలుగు ఉంటుంది. ఇందులో గొంతే లేదు. దెబ్బలొక్కటే వినపడుతున్నాయి, అవీ మెల్లబడుతున్నాయి. గాజులోంచి చూస్తే మొహం వంకాయ రంగుకి తిరిగింది, ముక్కులోంచి రక్తం కారుతోంది.

"వదలరా!" అని అరుస్తూ పరిగెత్తాను. వాడు వదల్లేదు. మైకు స్టాండు ఎత్తి బలంకొద్దీ వాడి దవడ మీద కొట్టాను. లోపల ఏదో విరిగింది. మళ్ళీ కొట్టాను. పన్ను ఊడి నేలమీద పడ్డాక గాని వాడి వేళ్ళు సడల్లేదు.

మా ఆయన బతికారు. గొంతు లోపల చిట్లిందన్నారు డాక్టర్లు, మాట ఎప్పటికి వస్తుందో చెప్పలేమన్నారు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని తమ్ముడి దవడకి ఐసు మూట ఒత్తుతున్నాను. ఎత్తుకుని పెంచినవాణ్ణి అలా చావబాదినందుకు నాకు ఏడుపు ఆగడం లేదు.

"నీ తప్పేముందిరా, నటిస్తున్నారనుకున్నావు," అన్నాను.

వాడు రక్తం ఉమ్మి, తల అడ్డంగా ఊపాడు.

"లేదక్కా, నాకు తెలిసింది. నువ్వు రాకముందే బావ ఒళ్ళు బరువెక్కిపోయింది. నిజంగానే ఆపమంటున్నాడని అర్థమైంది."

"మరి?"

"టేకు చాలా బాగా వస్తోందనిపించిందక్కా."

ఐసు మూట వాడి దవడ మీంచి తీసేశాను. దాన్ని పట్టుకుని మా ఆయన గదిలోకి వెళ్ళి, తలుపు లోపలనుంచి గడియ పెట్టాను.