నోరీన్ ఇచ్చిన ఐదు నక్షత్రాలు

శుక్రవారం సాయంత్రం మా కులబార్ ఊరి క్లబ్బులో మాంసం ట్రే లాటరీ తీస్తారు. ట్రేలో ఆరు గొర్రెమాంసం ముక్కలు, ఓ వరస సాసేజీలు, పచ్చగా కనబడ్డానికి మధ్యలో ఓ ప్లాస్టిక్ ఆకు. దానికోసం ఊరంతా వస్తుంది. ఒకడు గెలుస్తాడు, మిగతావాళ్ళు వాడిమీద అనుమానపడుతూ ఇంటికెళ్తారు. "పోయిన నెలా వాడికే తగిలింది, చీటీలు తీసేది వాడి బావమరిదే కదా" అంటూ. మా ఊళ్ళో అనుమానం ఓ ఆటలెండి. ఎవరికీ దెబ్బ తగలదనుకుంటాం. చదివే మీరంతా మంచివాళ్ళు, మీ ఊళ్ళో ఇలాంటివి ఉండవని నాకు తెలుసు. అయినా కాస్త వినండి.

ఆ శుక్రవారం క్లబ్బులో అందరి చేతుల్లో మా ఊరి వారపత్రిక ఉంది. నాలుగంటే నాలుగు పేజీలు. మూడో పేజీలో నోరీన్ టాస్కర్ శీర్షిక, "పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?" అని.

నోరీన్ ఇరవయ్యారేళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఈ ఊళ్ళో నలభై లోపు పెద్దవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ బస్సులో వాంతి చేసుకున్నవాళ్ళే. రిటైరయ్యాక ఆవిడ పూర్తిగా సినిమాల మీద పడింది. మాకున్నది ఒకటే హాలు, ఊరివాళ్ళమే వంతులేసుకుని నడుపుతాం, శనివారం ఒక్క ఆట. గురువారం మిషను సరిచూసుకోడానికి బొమ్మ వేసినప్పుడు నోరీన్ ఒక్కతే కూర్చుని మొత్తం చూసేది. చేతిలో గొర్రెల్ని గేటు దాటిస్తూ లెక్కపెట్టే నొక్కుడు మీట. బూతుమాట వినబడితే ఓ నొక్కు, దెబ్బ పడితే ఓ నొక్కు. తర్వాత రాసేది: "బూతులు నాలుగు. రక్తం చెంచాడు. ముద్దు ఒకటి, అదీ పెళ్ళయినవాళ్ళదే. ఏడు దాటినవాళ్ళు రావచ్చు." కింద ఐదింటికిన్ని నక్షత్రాలు. అంతే. మా ఊరి తల్లులు సర్కారు వేసిన ముద్రని నమ్మేవాళ్ళు కాదు, నోరీన్‌ని నమ్మేవాళ్ళు.

ఈసారి వచ్చిన బొమ్మ "దీపనౌక" వరసలోది. చుక్కల మధ్య తిరిగే ఓడ, దానికో ముసలి కెప్టెన్ ఓర్విన్, ఒక చెయ్యి ఇనపది. ఇంతకుముందు వచ్చిన మూడు సినిమాలూ నోరీన్‌కి కంఠతా వచ్చు. కొత్తది వాటికంటే ముందు జరిగిన కథ. ఓర్విన్ పడుచువాడిగా ఉన్నప్పుడు ఏం జరిగింది, చెయ్యెలా పోయింది అన్నది. ఇంత అభిమాని ఊళ్ళో ఉందని సినిమా కంపెనీ వాళ్ళకి ఎవరు చెప్పారో ఏమో, అందరికంటే ముందు చూడమని ఆవిణ్ణి సిడ్నీ పిలిపించారు. తిరిగొచ్చేటప్పుడు ఓడ బొమ్మ ఉన్న టోపీ, ఓడ బొమ్మ ఉన్న కప్పు ఇచ్చి పంపారు. ఆవిడ ఆ టోపీ పెట్టుకుని ఊరంతా తిరిగింది.

రాసింది చూస్తే ఐదు నక్షత్రాలు. ఆవిడ జన్మలో నాలుగు దాటలేదు. "భయపెట్టేది ఏమీ లేదు, ఐదేళ్ళ పిల్లలైనా రావచ్చు" అని కింద.

నేను గ్లాసు దించి అన్నాను: "టోపీకి రెండు, కప్పుకి రెండు. ఐదోది దేనికిచ్చిందో ఎవరైనా కనుక్కోండిరా."

బల్ల బల్లంతా పడీపడీ నవ్వింది. నేను ఇంకో గ్లాసు తెచ్చుకున్నాను. జోకు బాగా పేలిందని నాకు మహా సంబరంగా ఉంది.

శనివారం హాలు నిండిపోయింది. డారిల్ హార్డకర్ కూడా వచ్చాడు, ఆరేళ్ళ కూతురు బ్రయొనీని భుజాలమీద ఎక్కించుకుని. డారిల్ పడమట ఇనప గనిలో పనిచేస్తాడు. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇక్కడ, విమానంలో పోవడం విమానంలో రావడం. సోమవారం మళ్ళీ వెళ్ళాలి కాబట్టి పిల్లకి ఓ సరదా అని తీసుకొచ్చాడు. వాళ్ళింట్లో ఇంతకుముందు ఎవరూ "దీపనౌక" చూడలేదు.

బొమ్మ చివర్లో ఓర్విన్ పాడైన ఓడలోకి వెళ్తాడు. అతని చిన్న కూతురు రేవులో నిలబడి ఉంటుంది. మధ్యలో తలుపు పడిపోతుంది. ఆ పిల్ల అద్దం మీద బాదుతుంటే, అవతల తండ్రి గొంతు సన్నగిల్లి సన్నగిల్లి ఆగిపోతుంది. తెర నల్లబడుతుంది. అయిపోయింది, ఇళ్ళకి పొండి.

అభిమానులంతా చప్పట్లు కొట్టారు. చిన్నపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. బ్రయొనీ ఏడవలేదు. తండ్రి చొక్కా పట్టుకుంది, ఇంటికెళ్ళినా వదల్లేదు.

సోమవారం పొద్దున్నే డారిల్ సంచి బండిలో పడేసి ఎక్కాడు. తలుపు వెయ్యబోతే సందులో చిన్న వేళ్ళున్నాయి.

"తియ్యమ్మా, నలిగిపోతాయి."

"తియ్యను."

వాళ్ళమ్మ జసింటా వచ్చి ఒక చెయ్యి తీస్తే ఇంకో చెయ్యి పెట్టింది. బతిమాలారు, చాక్లెట్ చూపించారు, చివరికి కోప్పడ్డారు. ఆ పిల్ల మాట్లాడదు, వేళ్ళు తియ్యదు. అక్కడ విమానం ఎగిరిపోయింది. గని మేస్త్రీ ఫోన్లో, "గురువారం విమానం ఒక్కటే. అదీ తప్పితే నువ్విక రానక్కర్లేదు" అని పెట్టేశాడు. ఆ వేళ నుంచి హార్డకర్ల ఇంట్లో తలుపన్నది మూసుకోలేదు. మాకు జూలై అంటే నడి చలికాలం. అందులో వంటింటి తలుపూ స్నానాలగది తలుపూ బార్లా తెరిచే ఉండాలి. ఆ పిల్ల ఒక్కోదాని దగ్గర కాపలా కూర్చునేది.

అదే సోమవారం మధ్యాహ్నం నోరీన్ ఇంటిముందు ఓ బండి ఆగింది. ఇద్దరు మనుషులు కొత్త ఫ్రిజ్ దించారు.

ఎదురింటి పరదా కదిలింది. పక్కింటాయన పైపు పట్టుకుని గులాబీలకి నీళ్ళు పెట్టడానికి బయటికొచ్చాడు. జూలైలో గులాబీలకి నీళ్ళేంటి? మంగళవారానికి ఊళ్ళో ఐదో నక్షత్రం దొరికిపోయింది.

"ఫ్రిజ్ ఇచ్చారట."

"రెండు తలుపులదట."

"ఐసు దానంతటదే రాలుతుందట."

రొట్టెల కొట్లో నోరీన్ లోపలికి వస్తే మాటలు ఆగిపోయేవి. ఆవిడ బయటికెళ్ళాక మళ్ళీ మొదలయ్యేవి. పాత శీర్షికలన్నీ బయటికి తీశారు. ఆ బాతుల సినిమాకి నాలుగిచ్చింది, అప్పుడే కదా ఇంటికి రంగు వేయించింది? ఆ కుక్క సినిమాని మెచ్చుకుంది, ఆ ఏడే కదా కాలు ఆపరేషన్? ఆవిడ బస్సు నడిపిన రోజులు కూడా వదల్లేదు. ఫలానా ఇంటి దగ్గర ఎప్పుడూ రెండు నిమిషాలు ఎక్కువ ఆపేది, ఎందుకో? నాకు నవ్వొచ్చింది మొదట్లో. తర్వాత అదీ రాలేదు. నిజం నాకు తెలుసు కదా, ఐదో నక్షత్రాన్ని పుట్టించింది నేనే. అయినా నోరు విప్పలేదు. విప్పితే జోకు చచ్చిపోతుంది, నా పరువు కూడా.

బుధవారం సాయంత్రం హాల్లో మీటింగ్ పెట్టారు. నోరీన్ శీర్షిక ఆపేయాలా వద్దా అన్నదే విషయం. హాలు కమిటీ పెద్ద క్లైవ్ ముందు కూర్చున్నాడు. నోరీన్ ఓ వారగా, బోడితలతో. అంటే టోపీ లేదు. డారిల్, జసింటా వచ్చారు. పిల్లని ఒంటరిగా వదల్లేక వెంట తెచ్చారు. అది హాలు గుమ్మంలో కూర్చుని వీపుతో తలుపుని ఆపి పెట్టింది. చలిగాలి రివ్వున కొడుతోంది. ఎవరూ మూయమనలేదు.

క్లైవ్ గొంతు సర్దుకున్నాడు. "నోరీన్, సూటిగా అడుగుతున్నా. వాళ్ళు నీకేమిచ్చారు?"

"టోపీ, కప్పు. ఓ శాండ్‌విచ్ పెట్టారు, అందులో కీరా ముక్క తప్ప ఏమీ లేదు."

"ఫ్రిజ్?"

"పాతది ఆదివారం చచ్చింది. పాలు విరిగిపోయాయి, గిన్నె ఇంకా కడగలేదు. వాసన చూస్తావా క్లైవ్?"

మామూలుగా అయితే హాలు నవ్వులతో దద్దరిల్లేది. ఎవరూ నవ్వలేదు. "బిల్లు ఎవరి పేరు మీదుందో" అని వెనక నుంచి ఎవరో గొణిగారు.

డారిల్ లేచాడు. "నాకు ఫ్రిజ్ గొడవ వద్దు. నేను నీ బస్సులో పెరిగినవాణ్ణి నోరీన్. ఐదేళ్ళ పిల్లలైనా రావచ్చని రాశావు, నీ మాట మీద తీసుకెళ్ళాను. రేపు పొద్దున ఆ పిల్ల నన్ను వదలకపోతే నా ఉద్యోగం పోతుంది. అసలు నువ్వు బొమ్మ చూశావా, కునుకు తీశావా?"

"రెండుసార్లు చూశాను."

"మరి ఆ తలుపు?"

"ఆ తలుపులో భయపడ్డానికి ఏముంది డారిల్?"

హాలంతా గుసగుస. "చూశారా, ఇప్పటికీ వాళ్ళనే వెనకేసుకొస్తోంది." నోరీన్ మొహం చూస్తే నాకు అర్థమైంది, ఆవిడ నాటకం ఆడట్లేదు. నిజంగానే తెలీట్లేదు. ఆవిడ లేచి, మా అందరినీ దాటుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళు పట్టేస్తుంటే మెల్లగా ఆ పిల్ల పక్కన కింద కూర్చుంది.

నాలుగు రోజుల్లో ఆ పని చేసింది ఆవిడొక్కతే. మేమంతా ఫ్రిజ్ చుట్టూ తిరిగాం. పిల్ల దగ్గరికి ఎవ్వరమూ పోలేదు.

"బ్రయొనీ, నీకేం భయమేసింది తల్లీ?"

"వాళ్ళ నాన్న అవతల ఉండిపోయాడు."

"అయ్యో, ఆయనకేమీ కాదు కదమ్మా. చెయ్యొక్కటే పోతుంది. తర్వాత ముసలివాడవుతాడు, తర్వాత సినిమాలో ఆ ఇనపచేత్తోనే..." అని, అక్కడ ఆగిపోయింది.

పిల్ల వైపు తిరిగి అడిగింది: "నువ్వు ఆ సినిమాలు చూడలేదు కదూ?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. తనే అడిగింది: "మా నాన్నకి తర్వాత సినిమా ఉందా?"

క్లైవ్ కాయితాలు చూస్తున్నట్టు తల దించుకున్నాడు. నోరీన్ డారిల్ వైపు చూసింది.

డారిల్ వచ్చి గొంతుక్కూర్చున్నాడు. ఉందని చెప్పేస్తాడనుకున్నాను. నేనైతే చెప్పేసేవాణ్ణి.

"నాకు తెలీదమ్మా. ఉండాలనే చూసుకుంటా. గనిలో దిగేటప్పుడు గట్టి టోపీ పెట్టుకుంటా, నడుముకి తాడు కట్టుకుంటా, మేస్త్రీ వెళ్ళొద్దన్నచోటికి వెళ్ళను. నిజం చెప్పనా, నాకూ ఆ తలుపు వేసేటప్పుడు ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది."

"నీకూనా?"

"ప్రతిసారీ."

అది ఆ పిల్ల ఊహించని మాట. తండ్రి మొహంలోకి పరీక్షగా చూసింది, ఇది కూడా పెద్దవాళ్ళ అబద్ధమేమో అన్నట్టు. మా ఊరి పిల్ల కదా, దానికీ అనుమానమే. తర్వాత గుమ్మం వదల్లేదుగానీ, కాస్త జరిగి తండ్రికి చోటిచ్చింది.

నోరీన్ గోడ పట్టుకుని లేచి మా వైపు తిరిగింది. "నన్నెవరూ కొనలేదు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. కానీ నేను రాసింది తప్పు. ఆయన బతుకుతాడని నాకు పాతికేళ్ళ నుంచి తెలుసు, అందుకే ఆ తలుపు పడ్డప్పుడు నేను పాప్‌కార్న్ తింటున్నాను. చిన్నపిల్లకి అది తెలీదని నాకు తట్టలేదు. శీర్షిక ఆపుతారో ఉంచుతారో మీ ఇష్టం."

అప్పుడు లేచాను నేను. "ఆ ఐదో నక్షత్రం కథ నాది. శుక్రవారం క్లబ్బులో జోకుగా అన్నాను. ఫ్రిజ్ మీరు తగిలించారు, కొక్కెం మాత్రం నేనే వేశాను."

జసింటా నా వైపు చూసింది. "ఇన్ని రోజులూ నోరు మూసుకుని కూర్చున్నావా?"

"ఊఁ."

"వయసెంత నీకు?"

నిజమైన వయసే చెప్పి కూర్చున్నాను. శీర్షిక ఉండాలనేవాళ్ళని చేతులెత్తమన్నారు, అది నిలబడింది. అందరూ ఎత్తలేదులెండి. బిల్లు ఎవరి పేరు మీదుందో అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. అనుమానం ఓసారి లోపలికొస్తే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

గురువారం చీకటితోనే హార్డకర్ల ఇంటిముందు జరిగింది జసింటా తర్వాత చెప్పింది. డారిల్ ఎక్కి కూర్చున్నాడు, తలుపు ముట్టుకోలేదు, ఊరికే ఎదురుచూశాడు. బ్రయొనీ చాలాసేపు నిలబడింది. "నేనే వేస్తా" అంది చివరికి. రెండు చేతులతో తోసింది. మొదటిసారి సరిగ్గా పడలేదు, మళ్ళీ తెరిచి గట్టిగా వేసింది.

ఆ మర్నాడు శుక్రవారం, క్లబ్బులో అందరం పత్రిక మూడో పేజీయే ముందు తీశాం. నక్షత్రాలు లేవు. బూతుల లెక్క లేదు. "ఈ బొమ్మని పాతవి చూడని పిల్లలకి చూపించకండి. ఇంట్లో ఎవరైనా దూరం వెళ్ళి పనిచేస్తుంటే అసలు చూపించకండి. పోయిన వారం రాసింది నా తప్పే" అని రాసి, కింద ఆవిడే ఇంకో రెండు మాటలు రాసింది. అవి నావి కావు కాబట్టి ఉన్నవి ఉన్నట్టు దించుతున్నాను:

"తప్పు జరిగితే, దానికి ఎవరికేం ముట్టిందని వెతకడానికి ముందు, ఎవరికి దెబ్బ తగిలిందో వాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగండి. ఇంకొకరికి దారి చెప్పేవాళ్ళెవరైనా, తమకి తెలిసిన ముగింపుని పక్కనపెట్టి, ముందు ఆ తెలియనివాళ్ళ పక్కన కూర్చుని చూడండి."