నడిపేటోళ్లు, చూసేటోళ్లు

మా బావి దగ్గరి స్టార్టర్ డబ్బా మూత లోపల సుద్దముక్కతో పాస్‌వర్డ్ రాసి ఉండేది. నమ్మరు కదా, నేనూ నమ్మలేదు. హైదరాబాద్‌లో సైబర్ సెక్యూరిటీ కోర్సు చదువుతూ, సెలవులకు కోడేరు పక్కనున్న మా ఊరికి వచ్చి, నాయన వెంట బావి దగ్గరికి వెళ్లి డబ్బా తెరిచానో లేదో, ఇంతింత అక్షరాలతో ఎదురుగా కనబడింది. చెరిగినప్పుడల్లా మళ్లీ దిద్దినట్టు కూడా తెలుస్తోంది!

"నాయనా, గిదేంది?"

"పాస్‌వర్డు, బిడ్డా. అందరు మర్చిపోతుండ్రు కద."

అందరూ అంటే నిజంగానే అందరూ. బావి మా నాయన దేవరాజుకీ, పుణెలో మేస్త్రీ పని చేసే మా చిన్నాయన స్టీఫెన్‌కీ ఉమ్మడిది. మోటారుకు సిమ్ వేసే మొబైల్ స్టార్టర్ బిగించాక, ఫోన్‌లో బటన్ నొక్కితే ఎక్కడున్నా మోటారు తిరుగుతుంది. మొదట్లో అది అన్నదమ్ములిద్దరి ఫోన్లలోనే ఉండేది. తర్వాత కూతురు గీత పెళ్లిలో మా మేనత్త ముచ్చటపడి అడిగింది. ఆమెకిచ్చి కొత్తల్లుడికి ఇవ్వకపోతే బాగుండదని ఆయనకీ ఇచ్చారు. చిన్నమ్మ తమ్ముడు జితేందర్‌కు వనపర్తిలో సెల్‌ఫోన్ల షాపు, ఈ బావిని ఒక్కసారైనా చూశాడో లేదో కూడా అనుమానమే, అతనికీ ఇచ్చారు. ఒకరికిచ్చి ఇంకొకరిని వదిలేస్తే మాటొస్తుందని పెళ్లికార్డులు పంచినట్టు పంచేశారన్నమాట. వీళ్లలో ఎవరైనా మోటారు వేయొచ్చు, ఆపొచ్చు, పాస్‌వర్డ్ మార్చొచ్చు, ఇంకొకరిని చేర్చొచ్చు!

దానికి తోడు మా వాళ్లకొక అలవాటుంది. ఫోన్‌లో 'కరెంటు వచ్చింది' అని మెసేజ్ పడితే చాలు, చేతిలో ఉన్న పని వదిలేసి బటన్ నొక్కుతారు. మళ్లీ పోతుందేమో, పోయేలోపు రెండు మడులైనా తడుస్తాయని.

ఎవరి పనికి ఎంత కావాలో అంతే చేతికివ్వాలి, అంతకు మించి వద్దు. మా కోర్సులో మొదటి పాఠమే ఇది. ఆ పాస్‌వర్డ్‌తోనే నా ఫోన్‌లో యాప్ తెరిచి వెతికితే ఎవరూ చూడని 'అనుమతులు' అనే పేజీ దొరికింది. నాకు పండగే! రెండు గుంపులు చేసి 'నడిపేటోళ్లు', 'చూసేటోళ్లు' అని పేర్లు పెట్టాను. నాయన మొదటి దాంట్లో, మిగతావాళ్లంతా రెండో దాంట్లో. జితేందర్‌కు ఫోన్ చేసి చెబితే, "నాకు ఉందన్న సంగతే మర్చిపోయిన" అని నవ్వాడు. మేనత్త "మంచిగ చేసినవ్" అంది.

చిన్నాయన మాత్రం నవ్వలేదు.

"అంటే నేను ఉత్తగ చూసుడేనా?"

"అన్నీ కనబడతయ్ చిన్నాయనా, కరెంటు ఉందా, మోటారు తిరుగుతుందా..."

"సినిమానా బిడ్డా, చూసుకుంట కూసోనీకి? ఈడ పొద్దంత ఎవరెవరియో గోడలు కడ్త. గీ బటన్ నొక్కితె ఆడ మన మళ్లల్ల నీళ్లు పడ్తయ్. గదొక్కటే నా ఎవుసం."

నా ఫోన్ పెట్టేసి నాయనకు చేశాడు.

రాత్రి అన్నం దగ్గర నాయన తలెత్తకుండా అన్నాడు, "వాడు వేరు పడ్డట్టు అనుకుంటుండు. నీ చదువు మంచిదే, కాదంటలే. తమ్ముని బటన్ తమ్మునికి ఇచ్చెయ్."

మా అమ్మ సత్యమ్మ ఊరుకుంటుందా? "ఒక్క బటన్‌తోని ఒక ఇల్లు రెండు చేసేటట్టున్నవ్ కదనే రెబెకా!"

"పొద్దున ఇస్తలే" అన్నాను. ఇవ్వాలని లేదు, ఇవ్వక తప్పదు.

పొద్దున టీ తాగుతుండగానే కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏదో కాలిందట, సాయంత్రం దాకా రాదని లైన్‌మన్ చెప్పాడట. నాయనకు మాత్రం సంతోషమైంది. "మంచిగైంది. కప్లింగ్ రబ్బర్లు మార్చొస్త" అని పానాలు తీసుకుని బావికి వెళ్లాడు. మోటారునూ పంపునూ కలిపి తిప్పే ఇనుప చక్రాల మధ్య ఉంటాయి ఆ రబ్బర్లు. వాటిని తీయాలంటే వేళ్లు లోపలికి పోనివ్వాలి. ఫ్యూజులు పీకమని మేమెవరమూ అనలేదు. కరెంటే లేనప్పుడు ఫ్యూజుల సంగతి ఎవరికి గుర్తొస్తుంది?

నేను ఫోన్ తెరిచి చిన్నాయన పేరు దగ్గరికి వెళ్లాను. 'నడిపేటోళ్లు' అన్నదానికి ఎదురుగా చిన్న గడి. వేలు దాని మీదికి పోతుండగానే పైన మెసేజ్ పడింది.

'కరెంటు వచ్చింది.'

ఇదే మెసేజ్ పుణెలోనూ పడి ఉంటుంది. చిన్నాయన నొక్కే ఉంటాడు. నాయన చేతులు కప్లింగ్‌లో ఉంటాయి. ఇంతకీ నేను ఆ గడి నొక్కానా? నొక్కలేదు. నొక్కానేమో! చూస్తూ కూర్చునే టైమ్ లేదు. నాయనకు చేస్తే ఆయన ఫోన్ మంచం మీదే మోగింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. వెనక నుంచి అమ్మ "ఏమైందే?" అని అరుస్తోంది. వేరుశనగ చేను మధ్య నుంచి అడ్డంగా పడి పరుగు. అంతలో చేతిలో ఫోన్ మోగింది. చిన్నాయన.

"ఏం బిడ్డా! పొద్దున ఇస్తదని మీ నాయన చెప్పిండు. కరెంటొచ్చిందని నొక్కుతుంటె 'మీకు నడిపే అనుమతి లేదు' అంటుంది గిది! నొక్కుతనే ఉన్న, గదే మాట!"

అంత తియ్యటి తిట్లు నేనెప్పుడూ వినలేదు. అయినా కాళ్లు ఆగలేదు. గట్టెక్కి చూస్తే నాయన మోటారు ముందు గొంతుక్కూచుని ఉన్నాడు, రెండు చేతులూ చక్రాల మధ్యనే ఉన్నాయి.

"నాయనా, చేతులు తియ్! కరెంటొచ్చింది!"

వేడి గిన్నె ముట్టుకున్నట్టు తీసేశాడు. నన్ను చూశాడు, మోటారును చూశాడు. లేచి వెళ్లి ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని, వచ్చి నా పక్కన గట్టు మీద కూలబడ్డాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వస్తున్నాయి.

ఫోన్‌లో చిన్నాయన ఇంకా అరుస్తున్నాడు. "ఏమైందన్నా? ఎవరన్న చెప్పుండ్రి జర!"

"ఏం కాలే రా. కప్లింగ్‌ల చేతులు పెట్టిన, అంతే."

అవతల కాంక్రీటు మిషన్ చప్పుడు దూరమైంది, చిన్నాయన పక్కకు నడిచినట్టున్నాడు.

"నేను నొక్కిన, అన్నా. మస్తు సార్లు నొక్కిన."

"నొక్కినవ్ లే. తిరగలే కద." నాయన పది వేళ్లూ చాపి ఎండలో చూసుకున్నాడు. "అన్నీ ఉన్నయ్. కావాలంటె పిల్లతోని లెక్కపెట్టిస్త."

చిన్నాయన నవ్వబోయి దగ్గాడు. తర్వాత నన్నడిగాడు, "బిడ్డా, నా బటన్ ఇచ్చినవా?"

"ఇంకా లేదు చిన్నాయనా."

"ఇయ్యకు. గట్టు మీద ఉన్నోని చేతులనే ఉండాలె అది. క్రిస్మస్‌కు వస్త కద, బావి దగ్గర నిలబడి నీకు ఫోన్ చేస్త. గప్పుడియ్యి. పూన బస్సెక్కంగనే మళ్ల గుంజుకో."

అవసరమున్నన్ని రోజులే ఇచ్చి, పని కాగానే తీసేసుకోవడం! దీని గురించి మా సార్ గంటసేపు చెప్పాడు తెలుసా, చిన్నాయన రెండు ముక్కల్లో తేల్చేశాడు.

ఈలోగా ఆయాసపడుతూ వచ్చిన అమ్మ, సంగతంతా విని, "దేవునికి స్తోత్రం" అని నాయన చేతులు రెండూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, తర్వాత స్టార్టర్ డబ్బా తెరిచి కొంగుతో పాస్‌వర్డ్ బరబరా తుడిచేసింది. "గిది గూడ మార్చు. నాక్కూడా చెప్పకు, ఎవరన్న అడిగితె నోరాగదు."

చిన్నాయన ఇప్పుడు చూసేటోళ్లలోనే ఉన్నాడు. కానీ ఉత్తగా చూస్తూ కూర్చోడు. కరెంటు వచ్చిన మెసేజ్ పడగానే పుణె నుంచి ఫోన్ చేస్తాడు. నిన్న మధ్యాహ్నం మేమంతా అన్నం తింటుంటే మోగింది.

"అన్నా, చేతులు యాడున్నయ్?"

"పప్పుల ఉన్నయ్ రా" అన్నాడు నాయన. "నువ్వు గోడ కట్టుకో."