రెండు పలుకుల గంట

మార్గశిరమాసారంభమున నీహారపటలావృతమైన ప్రాగ్దిశ బాలభానుకిరణస్పర్శచే నించుక విచ్చి శారదానదీపరిసరముల బెల్లపుగానుగల నుండి వెడలు నవగుడపాకసౌరభమును వెంటగొని చలిగాలి యనకాపల్లి వీథులలో విహరించుచుండగా గవరపాలెమున నొక పెంకుటింటి నడవలో మాణిక్యాంబ యను నేబదియెనిమిదేండ్ల యిల్లాలు కొంగు నడుమునకు బిగించి గోడకు దగిలించిన పాత కరెంటుగంటను దేఱిపాఱ జూచుచు నిలిచియుండెను. ఆ చూపు వట్టి చూపు కాదు. పాలు ద్రావి మూతి దుడుచుకొన్న పిల్లిని జూచు చూపు. ఆ గంట మూడు దినములుగా బలుకుట మానెను.

పలుకకున్న నేమి, వచ్చువారు తలుపు తట్టరాదా యని పాఠకు లడుగవచ్చును. ఆ గంట వచ్చువారి కొఱకు గాదు. మాణిక్యాంబ భర్త సోమలింగము ముప్పదియైదేండ్లు ఆ పట్టణమున నింటింట దీపము వెలిగించిన కరెంటు మిస్త్రీ. రెండేండ్ల క్రిందట పక్షవాతము వచ్చి యాతని కుడిప్రక్కను మాటను నొక్కపెట్టున హరించెను. మిగిలినవి తెలివియు నెడమచేతి చూపుడువ్రేలును మాత్రమే. పూజగంట చేతికిచ్చి చూచిరి గాని యది జాఱి మంచము క్రిందికి దొర్లిపోయెను. అప్పుడు మాణిక్యాంబ తమ్ముడు వీరభద్రుడు వీథిగుమ్మపు మీటను దీసి పొడవైన తీగతో నడవలోని బావగారి మంచపుకోడునకు గట్టెను.

ఆ గంట కొక గుణము గలదు. మీట నొక్కగనే టింగు మనును. వ్రేలు దీయగనే టాంగు మనును. నొక్కిపట్టినచో నా రెంటి నడుమ నెంతసేపైనను మౌనముగ నుండును. ఈ గుణమునే పట్టుకొని యాలుమగలు భాష నొకదానిని గల్పించుకొనిరి. ఒకసారి గబాలున నొక్కిన రమ్మని యర్థము. రెండుసార్లయిన దాహము. మూడుసార్లయిన ప్రక్క మార్చవలెను. టింగుమనిపించి యైదు లెక్కించునంతసేపు పట్టి టాంగుమనిపించెనా, అన్నము తింటివా యని యడుగుట. ఆరోగ్యముగ నున్న కాలమున మధ్యాహ్నము పని నుండి వచ్చి చెప్పులు విడువకమునుపే గుమ్మములో నిలిచి యాతడడుగు మొదటిమాట యదియే. మాట పోయినను ఆ యడుగుట మాత్రము పోలేదు.

అట్టి గంట మూగవోయిన దినమున మాణిక్యాంబ భర్తకు గంజి త్రావించి పెరటిలో బట్టలారవేయ బోయెను. తిరిగి వచ్చునప్పటికి గంజి గొంతున నడ్డుపడి సోమలింగము గ్రుడ్లు తేలవేసియు మీటను నొక్కుచునే యుండెను. తల యెత్తి పట్టి వీపు నిమిరి యెట్లో గండము గడిపినది గాని పలుకని మీటను నొక్కుచున్న యా వ్రేలిని జూచి యామె గుండె చెఱువయ్యెను. నాటినుండి పెరటివైపు బోవుటకు భయము. కంచము ముందఱ గూర్చుండిన ముద్ద దిగదు. పిలిచిన యిద్దఱు మిస్త్రీలును మూతయైన విప్పక పెదవి విఱిచిపోయిరి.

నిన్నటి సాయంకాలము వీరభద్రుడు తీగలేని క్రొత్తగంట నొకదానిని దెచ్చెను. అది నొక్కిన గోయిలవలె గూయును.

"ఇంకా ఆ తుప్పుముక్కను పట్టుకుని ఏం వేలాడతావక్కా? రేపు పదింటికి వచ్చి అది పీకేసి ఇది బిగించేస్తాను. బావ నొక్కితే వీధి చివరిదాకా వినబడుతుంది."

ఆమె నొక్కి చూచెను. తటాలున నొక్కినను బిగబట్టి నొక్కినను కోయిల యా పాటనే యంత పొడవుననే పాడి యూరకుండెను.

"ఎలా నొక్కినా ఒకటే కూత కూస్తోంది కదరా!"

"పిలుపు వినబడితే చాలదా?"

"పిలుపు నాకు చాలురా. ఆయనకి మాట కావాలి."

వీరభద్రుడు తల గోకుకొని వెడలిపోయెను. మాణిక్యాంబ మాత్రము వాడు వచ్చులోపల దీనిని బలికింపకున్న నేను సోమలింగము పెండ్లామునే కానని మనసున ముడివేసికొనెను.

కనుకనే యీ ప్రభాతమున నామె స్టూలు నెక్కుచున్నది. కరెంటు జోలికి బోవలదని ముప్పదియైదేండ్లు శాసించిన మగడు మంచము మీదనుండి కన్నులు పెద్దవి చేసెను.

"అలా చూడకండి. మీరు శిష్యులకి చెప్పిన పాఠాలన్నీ వంటింట్లోంచి విన్నదాన్నే నేను."

నిజమే. ఫ్యూజు పీకి పరులకందకుండ జేబులో వేసికొనవలె ననుట మొదటి పాఠము. జేబులేని యామె దానిని రొంటిని దోపుకొనెను. టెస్టరు పెట్టి చూడనిదే తీగ ముట్టరాదనుట రెండవది. పెట్టి చూచెను. వెలుగలేదు. అయినను మగని వంక దిరిగెను. ఆతడు కన్నులు మూసి తెఱచెను. అది యాతని యౌను.

మూత విప్పగా రెండు లోహపు బలకల నడుమ సన్నని గొట్టమును దానిలో నినుపకడ్డీయు గానవచ్చెను. ఆ కడ్డీ యటు పోయి కొట్టిన టింగు, ఇటు వచ్చి కొట్టిన టాంగు. ఇప్పుడది యెటును గదలకుండ నెఱ్ఱని జిగురున గూరుకుపోయి యుండెను. తుప్పేమో యని గోట గీఱి వాసన జూచెను. నువ్వులనూనె.

"అయ్యో, నా మతి మండా! ఇది నా కుంకుమే!"

ఆయుధపూజనాడు పట్టకారు మొదలు సుత్తివఱకు బనిముట్ల కెల్ల బొట్టు పెట్టుట యా యింటి యాచారము. మాణిక్యాంబ గంటను విడుచునా? మూతకు బెట్టిన బొట్టు తెరకు బెట్టినట్లగును గాని యమ్మవారికి బెట్టినట్లగునా యని వాదించి మూత విప్పించి కుంకుమను నూనెలో రంగరించి యేటేట లోని కడ్డీకే దిద్దుచుండెను. మఱి ముప్పదియేండ్లు పట్టని జిగురు ఈ రెండేండ్లలో నెట్లు పట్టెను?

తుడుచుట కేమైన దొరకునేమో యని యామె భర్త పనిముట్ల పెట్టె తెఱచెను. అడుగున గుడ్డలో జుట్టిన చిన్న కుంచె యొకటి యుండెను. దాని వెండ్రుకలు మొదలంట నెఱ్ఱబాఱి యున్నవి.

ఆమెకు స్ఫురించెను. ప్రతి దసరా మఱునాడును దా వంటింట నుండగా "తీగలు చూడాలి" అని మగడు స్టూలెక్కుచుండెడివాడు. ఆతడు మంచము పట్టిన పిదప రెండు పూజలు జరిగినవి. మూత విప్పుటకు దమ్ముడు వచ్చెను. మఱునాడు తుడుచువారు లేరైరి.

కుంచెను జేతబట్టుకొని యామె మంచము కడకు బోయెను. "ఏటేటా మీరే తుడిచేవారా? నాతో ఒక్కమాట అనకూడదటండీ?"

సోమలింగము కన్నులు మూసి తెఱచెను. నవ్వగల సగము మూతి నవ్వెను. మాణిక్యాంబకు సిగ్గు వచ్చెను, కోపము వచ్చెను, రెంటిని మించి యేడుపు వచ్చెను. ముక్కు చీది మఱల స్టూలెక్కెను.

కిరసనాయిలులో ముంచిన కుంచెతో గొట్టమును దోమి గుడ్డవత్తితో దుడిచి తడి యంతయు నాఱువఱకు విసనకఱ్ఱతో విసరెను. కడ్డీకి దొడిగిన స్ప్రింగు నొకసారి తిరుగబెట్టగా మంచము మీది కనుబొమలు ముడివడెను. తీసి సరిగ బెట్టి వ్రేలితో ద్రోయగా గడ్డీ జఱ్ఱున బోయి జఱ్ఱున వచ్చెను. అంతలో వీరభద్రుడు క్రొత్తగంటతో నరుదెంచి ఖాళీగ నున్న ఫ్యూజుగూటిని జూచెను.

"ఫ్యూజేదక్కా?"

"నా రొంట్లో ఉంది. నోరు మూసుకుని కూర్చో."

ఆమె ఫ్యూజు పెట్టి మంచము వైపు జూచెను. చూపుడువ్రేలు మెల్లగ లేచి మీటపై వ్రాలెను.

టింగు.

ఒకటి. రెండు. మూడు. కడ్డీ మఱల బట్టుకొనెనేమో యని యామె గంటవైపు దిరిగెను. నాలుగు. అయిదు.

టాంగు.

"లేదండీ," అని మాణిక్యాంబ పలికెను. "మూడ్రోజులై సరిగ్గా తినలేదు. ఇప్పుడు తింటాను."

క్రొత్తకోయిల వీథిగుమ్మమున గుదురుకొనెను. మఱుసటి దసరాకు బొట్టు మూతమీదనే పడెను. అయినను మఱునాడు మాణిక్యాంబ మగని యలవాటు తప్పకుండ నా యెఱ్ఱకుంచెతో స్టూలెక్కెను. భక్తితో బొట్టు పెట్టువారి కేమి, లోకమున గొదువ లేదు. పెట్టినవారి మనసు నొవ్వకుండ మఱునాడు తుడుచువా రున్న యింటనే గంట పలుకును.