పెద్దాయన చూపు ఆనినంత మేర

బాదె రోడ్డు నేలమాళిగలో పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే కొట్లలో బీషియా కొట్టుకి ఒక పేరుంది. పాత హార్డ్ డిస్కు ఆవిడ చేతిలో పెడితే, అందులో ఉన్నదంతా తుడిచిపెట్టి, పైన ఆకుపచ్చ చీటీ అంటించి ఇస్తుంది. చీటీ మీద కొట్టు పేరు, తారీఖు, "ఖాళీ" అన్న మాట. తెచ్చినవాళ్ళ పేరు అడగదు, నంబరు రాసుకోదు. తుడిపించుకోవడానికి వచ్చేవాళ్ళకి కావలసింది అదేనని ఆవిడ నమ్మకం, కాస్త గొప్ప కూడా.

నిజానికి తుడిచేది ఆవిడ కాదు, పెద్దాయన. ఆరేళ్ళ కిందట పోయిన మొగుడు తన చేత్తో బిగించిన కంప్యూటరుకి ఆవిడ పెట్టుకున్న పేరది. పసుపెక్కిన డబ్బా, లావుపాటి తెర. ఇంటర్నెట్ మొహం ఎరగదు. యంత్రం బుద్ధిగా పనిచెయ్యాలని దాని నెత్తిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెట్టడం ఆ ఊరి నమ్మకం, అందరూ పెడతారు, కానీ బీషియాలా గడువు దాటకముందే పొట్లం మార్చేవాళ్ళు ఆ వరసలో లేరు. రెండువందల యాభై జీబీ డిస్కయినా, ఐదువందలదయినా, పెద్దాయన సరిగ్గా గంటా పది నిమిషాల్లో ముగించేస్తాడు. "మా పెద్దాయనకి అందరూ సమానమే" అని వచ్చినవాళ్ళందరితో చెప్పుకునేది. కట్టుకున్నవాడు వదిలి వెళ్ళిన యంత్రం మరి, ఆ మాత్రం మురిపెం ఉండదా?

ఆ మురిపెం ఒక మంగళవారం మధ్యాహ్నం పక్క కొట్టు పెంగ్ తీర్చేశాడు. వైర్లు, మరలు అమ్ముకునే మనిషి. నోట్లో ముద్ద ఉండగానే మాట్లాడతాడు.

"అక్కా, మొన్న నీ గంపలోంచి ఓ డిస్కు ఏరుకుపోయానా? ఖాళీ అన్నావే! అందులో నాలుగొందలమంది పెళ్ళి భోజనం చేస్తున్నారు."

"నీ మొహం. తుడిచినదాంట్లో పెళ్ళేంట్రా?"

"నేనూ అదే అనుకున్నా. పాటలు పొరపాటున చెరిపేసుకుని, వెనక్కి తెచ్చే ప్రోగ్రాం పెట్టా. నా పాటలకంటే ముందు పెళ్ళికూతురొచ్చింది. అందంగానే ఉందిలే." ఫోను చూపించాడు. ఎవరిదో పెళ్ళే, సందేహం లేదు.

బీషియా నవ్వలేదు. పెంగ్ అన్నం డబ్బా పక్కన పెట్టి, పెద్దాయన ముందు వంగి, తెర పైవరస మీద వేలు పెట్టాడు. "ఈ అంకె ఎప్పుడన్నా చదివావా అక్కా? నూట ముప్పై ఏడు అంటోంది. నువ్వు తగిలించిన డిస్కు ఐదువందలది."

"నేను కింద 'పూర్తయింది' అన్నదే చూస్తాన్రా."

"ఆయన మటుక్కి పూర్తయినట్టే. ఈ ముసలాయన పుట్టిననాటికి ఇంతింత డిస్కులు ఎక్కడివి? నూట ముప్పై ఏడు దాకానే ఆయన చూపు. అక్కడిదాకా శుభ్రంగా ఊడ్చి పడుకుంటాడు. మిగతాది ఉన్నట్టే ఆయనకి తెలీదు."

బీషియా స్టూలు మీద కూలబడింది. గుర్తొచ్చింది ఆ పెళ్ళివాళ్ళు కాదు. రెండు నెలల కిందట ఇదే స్టూలు మీద కూర్చున్న అమ్మాయి.

ఉడికించేసే ఎండల్లో మెడకి స్కార్ఫు చుట్టుకుని వచ్చింది. ఇంట్లో కంప్యూటరు మొగుడికి తిరిగి ఇచ్చెయ్యమని కోర్టు చెప్పిందట. కొత్త ఇంటి అద్దె కాగితం, పాపని చేర్చిన బడి కాగితాలు అందులోనే పెట్టుకుందట. ఆ గంటా పది నిమిషాలూ తెర మీంచి చూపు తిప్పలేదు. స్కార్ఫు జారినప్పుడు దవడ కింద కమిలిన మచ్చ కనపడింది. బీషియా చూడనట్టే టీ పోసి ఇచ్చింది.

"ఇంక ఎవరికీ దొరకదు కదా, పిన్నీ?" అని మూడుసార్లు అడిగింది.

"దేవుడు దిగొచ్చినా దొరకదు తల్లీ," అంది బీషియా మూడుసార్లూ.

ఇప్పుడు ఆ డిస్కు ఆ మొగుడి ఇంట్లో ఉంది. అదీ ఐదువందలదే, ముప్పాతిక భాగం చెక్కుచెదరకుండా ఉంది. ఆ పిల్లకి ఒక్క మాట చెబుదామంటే పేరు తెలియదు, నంబరు లేదు. బీషియా లేచి పెద్దాయన తీగ పీకేసి, మీద గుడ్డ కప్పేసింది.

గురువారం పొద్దున్న ఒకాయన మెట్లు దిగి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా. తడి గొడుగుని గుమ్మంలోనే మడిచి బకెట్లో నిలబెట్టాడు. రెండు చేతులతో ఒక డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు. ఆకుపచ్చ చీటీ, బీషియా దస్తూరీ, రెండు నెలల కిందటి తారీఖు.

"ఈ చీటీ మీదేనా ఆంటీ?"

"మాదే."

"నా భార్య తెచ్చి ఉంటుంది. చెప్పాపెట్టకుండా పాపని తీసుకుని వెళ్ళిపోయింది." గొంతు మెత్తగా ఉంది. మాట్లాడుతూనే బల్ల మీద చెల్లాచెదురుగా పడున్న మరల్ని పొడుగువారీగా పేర్చసాగాడు. "ఎక్కడుందో తెలిస్తే చాలు, వెళ్ళి మాట్లాడతాను. మావాళ్ళు చూసి, ఇందులో ఏమీ లేదన్నారు. తుడిచినవాళ్ళు మీరే కదా, మీకేమైనా దారి తెలుస్తుందేమోనని."

"ఏమీ ఉండదు బాబూ." తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

"అంతేనంటారా."

"అంతే."

ఒక మర దొర్లింది. అది అంచు దాటకముందే వేలితో అదిమి పట్టాడు. గోరు తెల్లబడేదాకా వేలు తియ్యలేదు. "సరే ఆంటీ. షిన్చూలో ఒకాయన ఉన్నాడట, ఎంత తుడిచినా పైకి లాగుతాడట. మధ్యాహ్నం బండికి వెళ్తాను."

బీషియాకి తెలుసు. షిన్చూ మనిషి దాకా ఎందుకు, పెంగ్ లాంటివాడు ఒక పూట కూర్చుంటే చాలు, ఆ పిల్ల గుమ్మం నంబరుతో సహా బయటపడుతుంది. పాప బడి కూడా.

"చీటీ ఊడొచ్చింది, అంటించి ఇస్తానుండు," అని డిస్కు అందుకుంది. చీటీ ఊడలేదు. వెనక్కి తిరిగింది. తుడిచినా నమ్మకం కుదరనివాళ్ళ కోసం పెట్టిన డ్రిల్లింగు మిషను గోడవార ఉంది. డిస్కుని దాని కింద పెట్టి, పిడి పట్టుకుని మొత్తం బరువేసి దింపింది. ఇనుము అరిచింది. లోపల అద్దంలా మెరిసే పళ్ళెం చిట్లింది. ఇంకోటి. ఇంకోటి. మూడు బెజ్జాలు పడ్డాక గానీ పిడి వదల్లేదు. గుండె తేలికపడింది. కొడితే కొట్టనీ, పోలీసుల్ని పిలిస్తే పిలవనీ, ఆ పిల్ల బతికిపోయింది.

ఆయన కొట్టలేదు. అరవలేదు కూడా. తల కాస్త పక్కకి వాల్చి, బెజ్జాల వంక చూస్తూ నిలబడ్డాడు. పక్క కొట్లోంచి పెంగ్ తొంగిచూశాడు.

"ఏమీ లేనిదానికి ఇంత కష్టం ఎందుకు పడ్డారు ఆంటీ?" అన్నాడు ఆయన.

బీషియా డిస్కు మీది ఇనప రజను చేత్తో దులిపింది.

"మా ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాడు జాగ్రత్తపరుడు. ముట్టుకునే ముందే డిస్కంతా మొదట్నుంచి చివరిదాకా నకలు తీశాడు. మొదట్లో అన్నీ సున్నాలే కనపడేసరికి విసుగొచ్చి వదిలేశాడు. ఊరికే చోటు తింటోంది, రేపు చెరిపేస్తానన్నాడు. నేనూ సరేనన్నాను." జేబులోంచి ఫోను తీశాడు. "చెరపొద్దని చెప్పాలి. చివరిదాకా చూడమనాలి."

"ఏమీ లేదు బాబూ!" బీషియా బల్ల చుట్టూ పరుగున వచ్చి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. "మా ఆయన మీద ఒట్టు, అందులో ఏమీ లేదు! నిజంగా ఏమీ లేదు!"

ఆయన ఆవిడ వేళ్ళని ఒక్కొక్కటే విడదీసి, గొడుగు తీసుకున్నాడు.

"ఇందాక అడిగినప్పుడు ఇంత గట్టిగా చెప్పలేదు మీరు," అని, మర్యాదగా తల వంచి మెట్లెక్కాడు.